ఆయన చెబితే నేను కట్టిన ఇంజను

రైల్వే ఆసుపత్రికి కళ్ల పరీక్షకు వెళ్లిన రోజు మా ఆయన మధ్యాహ్నానికే తిరిగి వచ్చాడు. డ్యూటీ దిగి వస్తే వాకిట్లోనే చొక్కా విప్పి, బొగ్గు మసంతా కడుక్కుంటే గాని గడప తొక్కని మనిషి. ఆ రోజు ఒంటి మీద ఉతికిన బట్టలే ఉన్నాయి. అయినా లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. మా అత్త చెంబుతో నీళ్లు తెచ్చి అందించింది. ఆయన చెయ్యి చాపాడు. చెంబు ఒక పక్క ఉంది, చెయ్యి ఇంకో పక్కకు పోయింది.

"బండి మీదినుంచి దింపేసినారు" అన్నాడు.

"యాడ దింపినారప్పా? నడిచొచ్చినావా ఏంది?" అంది మా అత్త.

ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఇంజను డ్రైవరుకు కళ్లే అన్నం పెడతాయి. పరీక్షలో కళ్లు తప్పాయంటే మళ్లీ ఇంజను ఎక్కనివ్వరు.

డెబ్బైలు అయిపోవస్తున్న రోజులవి. గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో మేము ముగ్గురమే ఉండేవాళ్లం, ఆయన, నేను, మా అత్త. మాకు పిల్లలు లేరు. ఆయన చిన్న గేజు లైన్లో ధర్మవరం వైపు వెళ్లే బండ్లకు డ్రైవరు. అప్పటికి అన్నీ ఆవిరి ఇంజన్లే. వాళ్లది ఉరవకొండలో మగ్గం నేసే ఇల్లు, మాది ధర్మవరంలో పట్టు మగ్గాల ఇల్లు. వాళ్ల ఇంట్లో మగ్గం వదిలి బయటికి పోయిన మొదటి మనిషి ఆయనే. మా అత్త ఆ సంగతి ఇంటికి ఎవరొచ్చినా చెప్పేది. "నా కొడుకు మగ్గం గుంతలోంచి లేసి పోయి బొగ్గు గుంతలో పడినాడమ్మా" అనేది. మాటలో కోపం ఉండేది గానీ, ఆయన బండి స్టేషన్లోకి వచ్చే వేళకు వాకిట్లో కూర్చుని విజిలు కోసం చెవి ఒగ్గేదీ ఆమే.

జబ్బు పేరు నీటికాసులు అన్నాడు డాక్టరు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి లోపలికి ఎండిపోతూ వస్తుందట, వానల్లేని ఏడు చెరువు ఎండినట్టు. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది ఎంతకాలం నిలిస్తే అంతకాలం. చుక్కల మందు రాసిచ్చారు. నేను అంతకు ముందే ఆయనలో కొన్ని గుర్తులు చూసి ఉన్నాను. ద్వారబంధానికి భుజం తగిలించుకునేవాడు. పళ్లెం పక్కనే ఉన్న గ్లాసు కోసం తడుముకునేవాడు. అలసట అనుకున్నాను. ఆయనకు మాత్రం తెలుసు. సాయంత్రం పూట సిగ్నలు పడిందా లేదా అని, పక్కన బొగ్గు వేసే ఫైర్‌మన్‌ను అడగాల్సి వచ్చిన రోజే తెలిసిందట. ఎవరూ రమ్మనకముందే తనంతట తానే వెళ్లి పరీక్ష చేయించుకున్నాడు.

"ఎవరికీ చెప్పకుండా ఇంకొన్నాళ్లు నడిపిండొచ్చు గదా" అని మా అత్త ఏడిస్తే, "నా ఎనక పెట్టెల్లో కూచున్నోళ్లు మనుషులు కాదా అమ్మా?" అన్నాడు.

రైల్వే వాళ్లు ఉద్యోగం తీసేయలేదు. ఇంజన్లు నిలిపే షెడ్డులోనే ఒక గదిలో చేతిదీపాలు, జెండాలు ఇచ్చి పుచ్చుకునే పని ఇచ్చారు. తనతో కలిసి బండి నడిపినవాళ్లకే దీపంలో నూనె పోసి ఇచ్చేవాడు, వాళ్లు తిరిగొస్తే పుచ్చుకునేవాడు. ఇంటికి వస్తే మాట ఉండేది కాదు. దూరాన విజిలు వినబడితే తల ఎత్తేవాడు, మళ్లీ దించుకునేవాడు. ఏ ఇంజనో, ఎవరు నడుపుతున్నారో విజిలును బట్టే ఆయనకు తెలిసేది. ఒకప్పుడైతే మాకు చెప్పేవాడు కూడా. ఇప్పుడు చెప్పడం మానేశాడు.

ఇట్లా కొన్ని నెలలు గడిచాక, అటక మీద ఎలుక చచ్చిన వాసన వస్తోందని పైకెక్కి సామాను దించుతుంటే, గోనెసంచిలో చుట్టిన అట్టపెట్టె ఒకటి కనబడింది.

ఆ పెట్టె మా ఆయన గురువుది. ఆయన ఫైర్‌మన్‌గా ఉన్నప్పుడు ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఉండేవాడు. అందరూ దొర అనేవారు. బొగ్గు ఎట్లా చల్లాలో, ఎత్తు ఎక్కేటప్పుడు ఆవిరి ఎట్లా దాచుకోవాలో ఆ దొర దగ్గరే నేర్చుకున్నానని మా ఆయన ఎప్పుడూ చెప్పేవాడు. దొర రిటైరైపోయి, ఆస్ట్రేలియాలో ఉన్న బిడ్డ దగ్గరికి శాశ్వతంగా వెళ్లిపోతున్నప్పుడు మేమిద్దరం స్టేషనుకు వెళ్లాం. దొర రైలెక్కే ముందు ఒక అట్టపెట్టె తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాడు. ఇంగ్లండులో ఉన్న తమ్ముడు ఎప్పుడో పంపించాడట. విడిభాగాలు అతికించి ఇంజను బొమ్మ చేసుకునే పెట్టె. తాను చేయలేకపోయానని, టైము దొరికినప్పుడు చేసుకొమ్మని చెప్పాడు.

"నిజం ఇంజనే చేతిలో ఉంటే బొమ్మెందుకు దొరా?" అని నవ్వాడు మా ఆయన.

దొర కూడా నవ్వాడు గానీ, పెట్టె వెనక్కి తీసుకోలేదు. ఇంటికి వచ్చాక అది అటకెక్కింది. తర్వాత దొర అక్కడే చనిపోయినట్టు ఎవరో చెప్పారు. అప్పుడు కూడా దాన్ని దించలేదు.

నేను పెట్టె దుమ్ము తుడిచి ఆయన ముందు పెట్టాను. మూత మీద ఆకుపచ్చ రంగు ఇంజను బొమ్మ, దాని వెనక పచ్చిక, పైన నల్లటి మబ్బులు. మా అత్త వంగి చూసి, "ఆ దేశంలో వానలు బాగ పడ్తాయేమో" అంది. మాకు ఆ ఏడు చినుకు లేదు. ఉరవకొండ చుట్టూ వేసిన చెనక్కాయ మొలక దశలోనే మాడిపోయిందని మా బంధువులు చెప్పిపోయిన వారమే అది.

పెట్టెలో బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు ఉన్నాయి. కొమ్మకు చింతకాయల్లాగా చట్రానికి చిన్న చిన్న ముక్కలు వేలాడుతున్నాయి. చక్రాలు, కడ్డీలు, పొగగొట్టం, రెండు సగాలుగా బాయిలరు. అతికించే జిగురు గొట్టం ఎండి రాయైపోయింది. ఏ ముక్క తర్వాత ఏ ముక్కో బొమ్మలు వేసిన కాగితం ఒకటి ఉంది. ఆయన ఆ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ, గొట్టంలోంచి చూస్తున్నట్టు కొంచెం కొంచెంగా చూశాడు. తర్వాత బ్లేడు తీసుకుని చక్రం ఒకటి కోయబోయాడు. వేలు తెగింది. చక్రం ఎగిరి ఎక్కడో పడింది. నేల మీద చేతులతో వెతికాడు. అది ఆయన మోకాలి పక్కనే ఉంది.

నేను చూపించలేదు. తానే కనుక్కుంటాడేమో అని ఆగాను. కాసేపటికి వెతకడం ఆపి, బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎత్తి పెట్టేయి" అన్నాడు.

నేను చక్రం తీసి బల్ల మీద పెట్టాను. "నువ్వు చెప్పు, నేను అతికిస్తా."

"నీకేం తెలుసే ఇంజను సంగతి?"

"నాకు తెల్దు. నీకు తెలుసు గదా. పట్టు పోగు తెగితే కండ్లు మూసుకోని ముడేసే చేతులివి. నా చేతులకేమొచ్చె?"

ఆయన లేచి వెళ్లిపోలేదు.

జిగురు ఎట్లా అన్నది మొదటి చిక్కు. సైకిలు ట్యూబులకు పూసే సొల్యూషను రాస్తే అతికినట్టే అతికి ఊడిపోయింది. రంగుల కొట్టులో థిన్నరు కొంచెం సీసాలో పోయించుకుని వచ్చి, విరిగిన దువ్వెన పళ్ల మీద రాసి చూశాను. ప్లాస్టిక్ కరిగి, రెండు ముక్కలూ ఒకటిగా అంటుకున్నాయి. ఆయన ఆ దువ్వెనను వంచి చూసి, విరగకపోతే, "పట్టుకునింది" అన్నాడు. ఆ నెలల్లో ఆయన గొంతులో కొంచెం ఉత్సాహం వినడం అదే మొదలు.

అప్పటినుంచి మధ్యాహ్నాలు, ఆయన షెడ్డు నుంచి వచ్చి అన్నం తిన్నాక, వాకిలి పక్క వెలుతురులో చాప పరుచుకుని కూర్చునేవాళ్లం. ముక్కలన్నీ చేటలో పోసుకునేదాన్ని. ఆయన ఒక్కొక్క ముక్కా చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్య తిప్పి, అదేమిటో చెప్పేవాడు. కాగితం మీది ఇంగ్లీషు మాకు సగమే అర్థమయ్యేది, ఆయన చేతులకు అంతా అర్థమయ్యేది.

ఇన్నేళ్ల కాపురంలో నేను ఆయన ఇంజను ఎక్కింది లేదు. దూరం నుంచి పొగ చూశాను, బట్టలకంటిన మసి ఉతికాను, అంతే. ఆ మధ్యాహ్నాల్లోనే ఆయన రోజంతా ఎక్కడ ఎట్లా నిలబడేవాడో నాకు తెలిసింది. ఫైర్‌బాక్సు తలుపు అతికిస్తుంటే, బొగ్గు మండే ఆ పొయ్యి తెరిచినప్పుడు ముందు మొహం కాలుతుందని, వెనక వీపుకు చలిగాలి కొడుతుందని చెప్పాడు. డ్రైవరు సీటు అతికిస్తుంటే, దాని మీద కూర్చున్న రోజులు తక్కువనీ, సగం ఒళ్లు కిటికీ బయటే ఉండేదనీ చెప్పాడు. ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండరులో నీళ్ల తొట్టి అతికిస్తుంటే, దాని అంచు మీద వేలు ఆనించాడు.

"గార్లదిన్నెలో ఆడోళ్లు బిందెలు తీసుకోని నిలబడ్తాండ్రి" అన్నాడు. "కరువు బాగ ముదిరిన ఏండ్లల్లో. బండి నిలబడ్తానే ఇంజను కాడికి ఉరికొస్తాండ్రి. వేణ్ణీళ్లు వదుల్తాంటి. కాగే నీళ్లు. బిందెలు పట్టుకోలేక కొంగులు సుట్టుకుంటాండ్రి."

"ఆ నీళ్లు తాగేదానికా?"

"గొడ్లకు. తాగేదానికీ తీసుకుపోయిండొచ్చు, ఎవురికి తెలుసు. ఒకసారి ఒక ముసిలామె బిందె జారి కాళ్ల మీద పడె. బండి కదిలిపాయ. నేను దిగల్యా. దిగేదానికి లేదు."

"ఈ మాట నాకెప్పుడూ చెప్పల్యా నువ్వు."

"నువ్వడగల్యా" అన్నాడు. మళ్లీ తానే, "నేను గూడా నీ మగ్గం సంగతి ఏమీ అడిగింది ల్యా" అన్నాడు.

బాయిలరు, చక్రాలు, టెండరు పూర్తయ్యేసరికి పెట్టె మూత మీది ఇంజను తయారైంది. ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి, ముందు నుంచి వెనక దాకా తడిమి, తల ఊపాడు.

"ఇది దొరల బండి. మన బండి కాదు" అన్నాడు.

మా అసలు పని అక్కడ మొదలైంది. మన బండికి ముందు రెండు పక్కలా పెట్టెల తాకిడి ఆపే బఫర్లుండవు, మధ్యలో ఒకటే కొక్కెం ఉంటుంది. బఫర్లు కోసేశాం. కొక్కేన్ని గుండుసూది వంచి చేశాను. మన బండికి ముందు పెద్ద దీపం ఉంటుంది. మందు సీసా మూత అరగదీసి, లోపల అద్దం ముక్క పెట్టి దీపం చేశాను. పశువులు పట్టాల మీదికి వస్తే పక్కకు నెట్టే ఇనుప జల్లెడ ఒకటి ముందర ఉండాలి. దానికి ఏం చేయాలో తోచలేదు. ఒకసారి పుట్టింటికి వెళ్లినప్పుడు మా అమ్మ మూలన పడేసిన పాత అచ్చు కనబడింది. పడుగు దారాలను వరసగా నిలిపే దువ్వెనలాంటిది అది, సన్నటి ఉక్కు పుల్లలుంటాయి. దాన్ని విప్పి ఆ పుల్లలు తెచ్చాను. వాటిని ఒక్కొక్కటే నిలబెడుతుంటే ఆయన వేలు పెట్టి సందు కొలిచేవాడు.

"ఇంగొంచెం వాలాల. ఇంగొంచెం. ఆఁ, అట్ల."

కాలిపోయిన మోటారు లోంచి తీసిన రాగి తీగతో బాయిలరు పక్కల పైపులు చేశాం. ఏ పైపు ఎక్కడ మొదలై, ఎక్కడ వంగి, ఎక్కడ దూరుతుందో ఆయన ఒక్కసారి కూడా తడబడకుండా చెప్పాడు. డ్రైవరు నిలబడే క్యాబు లోపల పిన్నీసు ముక్కతో రెగ్యులేటరు చేయించాడు. అది ఆవిరిని వదిలే పెద్ద చేతికర్ర, డ్రైవరు చెయ్యి ఎప్పుడూ దాని మీదే ఉంటుందట. బయట నుంచి చూసేవాళ్లకు అది కనబడదు కదా అంటే, "కనపడకపోతే లేనట్టా?" అన్నాడు.

టెండరులోకి నిజం బొగ్గే కావాలన్నాడు. షెడ్డు నుంచి చిన్న గడ్డ ఒకటి జేబులో వేసుకొచ్చాడు. నేను రోట్లో దంచుతుంటే మా అత్త కేకలేసింది.

"నా రోట్లో బొగ్గులు దంచుతారా! రేపు ఊరుబిండిలో బొగ్గులొస్తే ఎవురు తింటారు? మొగుడూ పెండ్లాలు సిన్నపిల్లోళ్లయిపోయినారు."

అంత అరిచి, తర్వాత తానే వచ్చి పలచటి గుడ్డ తెచ్చి ఆ బొగ్గుపొడిని జల్లించింది. నుసి వేరు, రవ్వ వేరు చేసి, "ఏది గావాల?" అని కొడుకును అడిగింది. ఆయన రెండూ ముట్టుకుని చూసి రవ్వ తీసుకున్నాడు.

పెట్టెలో ఇద్దరు బొమ్మ మనుషులు కూడా ఉన్నారు, టోపీలు పెట్టుకుని. ఒకడు పార పట్టుకున్నాడు, ఒకడు కిటికీలోంచి చూస్తున్నాడు. వాళ్లకు నల్లరంగు పూసి, తలపాగా చుట్టి లోపల పెడదామనుకున్నాను. ఆ కిటికీ దగ్గరి వాడిని ఆయన వేళ్ల మధ్య చాలాసేపు పట్టుకున్నాడు.

"వద్దు" అన్నాడు. "పని అయిపోయినాక షెడ్డులో నిలబడినట్టు ఉండనీ. లోపల ఎవురూ వద్దు."

నేను వాళ్లను తీసి పెట్టెలో వేసేశాను. ఆ రోజు ఇంక పని జరగలేదు.

ఆయన చూపు ఎప్పుడు పూర్తిగా పోయిందో నాకు కచ్చితంగా తెలియదు. ఆయన చెప్పలేదు. ముందు దీపం అతికించిన రోజు ఇంజనును ఆయన ఎదురుగా పట్టుకుని, "ఎట్లుండాది?" అని అడిగాను. "బాగుండాది" అన్నాడు. ఆయన మొహం నా చేతి వైపు కాక, నా గొంతు వైపు తిరిగి ఉంది. నేను ఇంజనును నెమ్మదిగా కిందికి దించాను. ఆయన చూపు దాని వెంట రాలేదు. ఇంకా అక్కడే చూస్తూ, "దీపం సరిగ్గా మధ్యలోనే వచ్చినాది" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా అత్త పొయ్యి దగ్గర ఉంది. నా మొహం చూసి, "నాకెప్పుడో తెలుసు అమ్మీ" అంది. ఇద్దరం తిరిగి వచ్చి మాకు ఏమీ తెలియనట్టే కూర్చున్నాం. తనకు చూపు లేదని మేము తెలుసుకున్నామన్నది ఆయనకూ తెలుసు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

రంగు నేనొక్కదాన్నే వేశాను. నలుపు. చక్రాల అంచులకు సన్నటి తెల్లగీత. ఆయన ఇంజను నెంబరు క్యాబు పక్కన రాశాను. అంకెలు రాస్తుంటే ఒక్కొక్కటే పైకి చెప్పమన్నాడు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను.

ఆ తర్వాతి ఏడో, ఆ పైయేడో, చిన్న పట్టాలు పీకి పెద్ద గేజు పట్టాలు వేసే పని మా వైపు వచ్చింది. చిన్న ఇంజన్లకు దారి లేకుండా పోయింది. కొన్నిటిని వేరే చోట్లకు లాక్కుపోయారు, ముసలివాటిని షెడ్డు చివర నిలబెట్టారు. ఒక రోజు, ఆయన దగ్గర ఫైర్‌మన్‌గా చేసినతను ఇంటికి వచ్చాడు. అతను అప్పటికి డ్రైవరు అయ్యాడు. చాలాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి చెప్పాడు.

"అన్నా, మన బండిని గూడా ఆ వరసలో పెట్టినారు. ఈ వారంలో తుక్కుకు కోసేదానికి తీసకపోతారంట."

"యాడుండాది?"

"షెడ్డెనక. కంపల్లో."

ఆయన లేచి చెప్పులు వెతుక్కున్నాడు. నేను చెప్పులు అందించి, ఆయన చెయ్యి నా భుజం మీద పెట్టుకుని బయలుదేరాను.

షెడ్డు వెనక సర్కారు తుమ్మ అంతటా పెరిగి ఉంది. దాని మధ్య ఇంజన్లు ఒకదాని వెనక ఒకటి, తుప్పు పట్టి, నిలబడి ఉన్నాయి. మాతో వచ్చిన ఆ పాత ఫైర్‌మన్ మమ్మల్ని ఒకదాని దగ్గరకు తీసుకెళ్లి ఆపాడు. ఆయన చెయ్యి చాపి చక్రం పైన పెట్టాడు. చెయ్యి వెంటనే వెనక్కి తీసుకున్నాడు, వేడికి తీసుకున్నట్టు.

"సల్లగుండాది" అన్నాడు. "ఇన్నేండ్లల్లో ఇది ఇట్ల సల్లగుండంగా నేనెప్పుడూ ముట్టుకోల్యా."

మెట్లు వెతికి పట్టుకుని తానే ఎక్కాడు. పైన ఒక చోట రేకుకున్న సొట్ట మీద వేలు పెట్టి, "ఇదే. ఈ సొట్ట నా పారతో పడిండేదే" అన్నాడు. నేను చీర కుచ్చిళ్లు దోపుకుని ఆయన వెనకే ఎక్కాను. జీవితంలో మొదటిసారి ఇంజను ఎక్కాను. కానీ నాకు కొత్తగా లేదు. ఫైర్‌బాక్సు తలుపు ఎక్కడుంటుందో తెలుసు, డ్రైవరు సీటు ఎటువైపో తెలుసు, తల ఎక్కడ తగులుతుందో కూడా తెలుసు. ఇవన్నీ నేను గోటంత గోటంత ముక్కలుగా చేసినవే.

ఆయన తన చోటుకు వెళ్లి నిలబడి, కుడిచెయ్యి చాచాడు. ఏమాత్రం తడుముకోకుండా, అలవాటుగా చాచాడు. అక్కడ రెగ్యులేటరు లేదు. ఆయన పిడికిలి గాలిలో మూసుకుని, అట్లే ఉండిపోయింది.

"పీకినారా?"

"ఊఁ."

"ప్రెషరు మీటరు?"

"ల్యా."

"నీళ్ల మట్టం సూసే గ్లాసు?"

"ల్యా."

ఇత్తడి ఉన్నవన్నీ ఎవరెవరో పీక్కుపోయారు. ఆయన ఒక్కొక్కదాని పేరూ అడిగాడు. నేను ఒక్కొక్క బొక్క వైపూ చూసి లేదని చెప్పాను. "విజిలు గొలుసు?" అన్నాడు చివరికి. పైన తుప్పు పట్టిన గొలుసు జానెడు వేలాడుతోంది. దాన్ని తీసి ఆయన చేతికి అందించాను. పట్టుకున్నాడు. లాగలేదు. కింద ఫైర్‌మన్ అటు తిరిగి నిలబడ్డాడు. ఎండ రేకుల మీదికి వచ్చి, ఇంజను మెల్లగా వేడెక్కుతుండగా, ఆయన గొలుసు పట్టుకునే ఏడ్చాడు. మా మామ పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక నీళ్లు కూడా తాగకుండా బొమ్మ ఇంజను తెమ్మన్నాడు. ఒళ్లో పెట్టుకుని క్యాబులోకి చిటికెనవేలు పోనిచ్చి వెతికాడు.

"దీంట్లో అన్నీ ఉండాయి గదా?"

"అన్నీ ఉండాయి" అన్నాను.

"ఏదీ ఇడిసిపెట్టల్యా?"

"ఇడిసిపెట్టల్యా."

ఆ తర్వాత ఆయన మరో రెండు మూడేళ్లు ఉన్నాడు. దీపాల గదికి ఎవరో ఒకరు తోడు తీసుకెళ్లేవాళ్లు. ఆవిరి ఇంజన్లు ఒక్కొక్కటే తగ్గిపోయి డీజిల్ బండ్లు ఎక్కువయ్యాయి. వాటి హారను వినబడితే తల ఎత్తేవాడు కాదు. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం అన్నం తిని చాప మీద పడుకున్నాడు. సాయంత్రం టీ పెట్టి లేపితే లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. మా అత్త కొడుకు పక్కన కూర్చుని, చాలాసేపటి దాకా నమ్మకుండా, "లెయ్యప్పా, బండి టైమయినాది, లెయ్" అంటూనే ఉంది.

క్వార్టర్సు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఉరవకొండలో మా అత్తకు దగ్గరివాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆమెను తీసుకుని ధర్మవరం వచ్చేశాను. పెద్ద గేజు మీద డీజిల్ బండిలో వచ్చాం. బొమ్మ ఇంజనును పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. దారిలో మా అత్త, "ఇది వాడు నడిపిన దోవేనా?" అని అడిగింది. అవునన్నాను. కిటికీ ఊచలు పట్టుకుని, కనబడినంత మేరా ఎండిన చేన్లు చూస్తూ కూర్చుంది.

మా పుట్టింటి వెనక రేకుల గది ఒకటి ఉంటే అందులో దిగాం. నేను మళ్లీ మగ్గం గుంతలో కూర్చున్నాను. చేతులు మరిచిపోలేదు. ఇంజనును దుమ్ము పడకుండా గోడ పైన, రేకుల కిందనే ఉన్న బల్ల మీద పెట్టాను. ఎవరికీ అందని చోటని పెట్టాను. ధర్మవరం ఎండకు ఆ రేకులు ఎట్లా కాలతాయో ఆలోచించలేదు.

మరుసటి ఎండాకాలం మధ్యలో ఒక రోజు మా అత్త పిలిచింది. "అమ్మీ, ఈడికి రా. ఇది సూడు."

ముక్కాలి పీట మీద నిలబడి చూశాను. బాయిలరు మధ్యలో కుంగిపోయింది. పొగగొట్టం పక్కకు వాలింది. క్యాబు పైకప్పు వంకర తిరిగింది. కిందికి దించి నేల మీద పెడితే ముందు చక్రాలు నేలకు ఆనలేదు. తర్వాత లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టాను. వేడినీళ్లలో గుడ్డ ముంచి దాని మీద వేసి నొక్కితే సరిచేయొచ్చేమో అనిపించింది.

మా అత్త నా చేతిలో గుడ్డ తీసేసుకుంది.

"వద్దు లే అమ్మీ. ఇరిగిపోతాది."

"నేను నిదానంగా చేస్తా అత్తా."

"నిదానంగా చేస్తావు, నాకు తెలుసు. సెయ్యి పెట్టి ఎంత వంచాల్నో చెప్పేటోడు ల్యా గదా" అంది. గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "అట్లే ఉండనీ."

నేను పొయ్యి ఆర్పేశాను. ఇంజనును గది మూలన, నేలకు దగ్గరగా, చల్లగా ఉండే చోట పెట్టి పైన గుడ్డ కప్పాను. ఆ పూట మగ్గం మీద సగం నేసిన చీర అట్లే ఉండిపోయింది. మేమిద్దరం నీడ వాలేదాకా గోడకు ఆనుకుని, ఒకరి పక్కన ఒకరం కూర్చున్నాం. సాయంత్రం ఆమే లేచి, "బియ్యమెన్ని పోయాల?" అని అడిగింది. ఇద్దరికి అన్నాను.